ముందు చక్రాల కింద చప్పుడు: తక్కువ ఖర్చులో సస్పెన్షన్ పని

కారు ముందు భాగం ఎలా ఉందో తెలుసుకోవాలంటే కాలనీ స్పీడ్ బ్రేకర్‌ను మించిన పరీక్ష లేదు. అద్దాలు దించి, పాటలు ఆపి, రెండో గేరులో నెమ్మదిగా దాటితే చాలు. ఎక్కడో ఎడమ చక్రం దగ్గర ‘టక్’ మందంటే ఏదో ఒకటి అరిగిందన్నమాటే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. దాని వంపు 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు కుదుపు లేకుండా దాటిపోవాలన్నది ఆ లెక్క ఉద్దేశం. మన వీధుల్లో ఆ లెక్క ఎవరికి కావాలి? నాలుగు తట్టల కంకర, ఒక బస్తా సిమెంటు, ఓ సాయంత్రం తీరిక ఉంటే గట్టు లేచిపోతుంది. దానికయ్యే అసలు ఖర్చు తర్వాత కారున్నవాళ్లు లోయర్ ఆర్మ్‌ల రూపంలో కట్టుకుంటారు.

చప్పుడు మొదలైన కారు షెడ్డుకు చేరగానే వినిపించే మాట చాలాసార్లు ఒకటే: ‘సస్పెన్షన్ మొత్తం చేయించాలి సార్.’ అక్కడ కారు యజమానులు రెండు రకాలుగా విడిపోతారు. కొందరు ‘ఎందుకొచ్చిన గొడవ, అన్నీ మార్చెయ్’ అంటారు. మరికొందరు ‘ఇంకో ఆర్నెల్లు లాగిద్దాం’ అని బండి వెనక్కి తిప్పేస్తారు. మొదటివారు బాగున్న సామానుకు కూడా డబ్బు పోస్తారు. రెండోవారికి వందల్లో తీరాల్సిన పని టైర్లను కూడా తినేసి వేలల్లోకి పోతుంది. ముందు సస్పెన్షన్‌ను తక్కువ ఖర్చులో బాగుచేయించుకోవడంలో చవక సామాను వెతుక్కోవడం చిన్న భాగం. ఏది అరిగిందో కళ్లతో చూసి తేల్చుకోవడం, ఏది ముందు మార్చాలో ఏది ఆగగలదో వరస పెట్టుకోవడం పెద్ద భాగం. ఈ రెండింటికీ పెద్దగా డబ్బు అక్కర్లేదు.

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నింటికీ ముందు వైపు అమరిక ఒకటే కావడం యజమానికి కలిసొచ్చే విషయం. దాని పేరు మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జనరల్ మోటార్స్‌లో షెవర్లే కేడెట్ అనే చవక కారు మీద పనిచేశాడు. కంపెనీ 1947లో ఆ కారును అటకెక్కించడంతో ఆయన ఫోర్డ్‌కు మారాడు. 1950లో ఇంగ్లండ్‌లో ఫోర్డ్ తెచ్చిన కాన్సల్, జెఫిర్ కార్లతో ఆయన అమరికకు పేరొచ్చింది. మన దేశంలో అంబాసిడర్‌కు ముందు వైపు టార్షన్ బార్లు ఉండేవి. ప్రీమియర్ పద్మినికి పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్ ఉండేవి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మెక్‌ఫర్సన్ స్ట్రట్ మధ్యతరగతి ఇళ్ల ముందుకు చేరింది. ఆ తర్వాతి ఆల్టో, వ్యాగన్ఆర్, స్విఫ్ట్, శాంత్రో, ఇండికా అన్నీ ఆ దారే పట్టాయి. చవక కోసం పుట్టిన అమరిక కనుక సామాను తక్కువ, విప్పడమూ సులువే.

సామాను వివరం తెలిస్తే షెడ్డులో బేరం మారిపోతుంది. కాయిల్ స్ప్రింగూ దాని మధ్య దూరిన షాకబ్జార్బరూ కలిసి నిలువుగా ఉండేది స్ట్రట్. దాని పై కొసన రబ్బరు మౌంటింగ్, ఒక బేరింగ్ ఉంటాయి. బానెట్ ఎత్తితే ఇరువైపులా కనిపించే గుండ్రటి గూళ్లు వాటివే. స్ట్రట్ కింది కొస, చక్రాన్ని మోసే నకుల్‌కు బిగుసుకుని ఉంటుంది. ఆ నకుల్ అడుగు భాగాన్ని లోయర్ ఆర్మ్ పట్టుకుంటుంది. ఆర్మ్‌కు బాడీ వైపు రబ్బరు బుష్‌లు, చక్రం వైపు బాల్ జాయింట్ ఉంటాయి. కుడి ఎడమలను కలిపే అడ్డకడ్డీ స్టెబిలైజర్ బార్. దాని రెండు కొసలను పట్టి ఉంచేవి లింక్ రాడ్లు. ఇక స్టీరింగ్ ర్యాక్ నుంచి చక్రానికి వచ్చే టై రాడ్, దాని చివరి టై రాడ్ ఎండ్ నిజానికి స్టీరింగ్‌కు చెందినవి. అయినా చప్పుళ్ల పంచాయతీలో వాటిని విడిగా చూడలేం. పాత మారుతి 800 లాంటి కార్లలో లింక్ రాడ్లుండవు. స్టెబిలైజర్ బారే నేరుగా లోయర్ ఆర్మ్‌లోకి వెళ్లి, ఆర్మ్ ముందుకీ వెనక్కీ కదలకుండా ఆపుతుంది. అక్కడి చిన్న రబ్బరు బుష్ అరిగితే బ్రేకు వేసినప్పుడల్లా బండి ముక్కు ఒక పక్కకు తిరుగుతుంది. ఆ కార్లలో పది వేల పని అని భయపెట్టిన చోట పరిష్కారం ఒక్కోసారి ఆ బుష్ దగ్గరే దొరుకుతుంది.

బాల్ జాయింట్ పనిచేసే తీరు మన తుంటి కీలు లాంటిదే: గిన్నెలో గుండు, మధ్యలో జిగురు. అంబాసిడర్ రోజుల్లో కీళ్లకు గ్రీజు నిపుల్స్ ఉండేవి, సర్వీసుకు వెళ్లినప్పుడల్లా గన్‌తో గ్రీజు కొట్టేవారు. ఇప్పటి జాయింట్లు ఫ్యాక్టరీలోనే గ్రీజు నింపి మూసేసినవి. వాటి ఆయుష్షు మొత్తం పైనున్న రబ్బరు బూట్ మీద ఆధారపడి ఉంటుంది. బూట్ చిరిగిందంటే వాననీళ్లు, దుమ్ము లోపలికి పోయి గ్రీజుతో కలిసి ఉప్పు కాగితంలా గీకడం మొదలుపెడతాయి. టైర్లు మార్పించేటప్పుడో, పంక్చరు వేయించేటప్పుడో చక్రం ఊడి ఉండగా ఒక్కసారి తొంగిచూస్తే ఇది కనిపిస్తుంది. పైసా ఖర్చు లేని తనిఖీ ఇది. ఎందుకో మనవాళ్లలో చేసేవారు తక్కువ.

ఇప్పుడు చప్పుళ్ల సంగతి. చిన్న చిన్న గతుకుల మీద, తక్కువ వేగంలో ‘టకటక’ మంటే ముందుగా లింక్ రాడ్లను అనుమానించాలి. బ్రేకు వేసినప్పుడో వదిలినప్పుడో ‘దబ్’ మని ఒక్క చప్పుడు వస్తే లోయర్ ఆర్మ్ బుష్‌లు. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’ మని స్ప్రింగు ఎగిరినట్లు వినిపిస్తే స్ట్రట్ పైనున్న మౌంటింగ్ బేరింగ్ పట్టేసి ఉండవచ్చు. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు బానెట్ ఎత్తి అక్కడ చూస్తే తెలిసిపోతుంది. గతుకు దాటాక కూడా ముక్కు రెండు మూడుసార్లు ఊగుతూ, బ్రేకు వేస్తే బాగా కిందికి వాలుతూ ఉంటే షాకబ్జార్బర్లు. వీటికి చప్పుడు ఉండకపోవచ్చు, టైరు మీద అరచేతితో రాస్తే ఎత్తుపల్లాలుగా అరిగిన గుర్తులు మాత్రం తగులుతాయి.

సస్పెన్షన్‌కు సంబంధం లేని దొంగలు కూడా ఉంటారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలేటప్పుడు వచ్చే ‘కటకటకట’ డ్రైవ్ షాఫ్ట్ మీది సీవీ జాయింటుది. వేగంతో పాటు పెరిగే ‘హూ’ శబ్దం వీల్ బేరింగ్‌ది. హైవే మీద ఒక వేగానికి రాగానే స్టీరింగ్ వణికితే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించాలి. బ్రేకు వేసినప్పుడే వణికితే డిస్కు చూడాలి. బిగింపు వదులైన బ్యాటరీ, డిక్కీలో సరిగ్గా కూర్చోని జాకీ కూడా సస్పెన్షన్ చప్పుడులా మోసం చేయగలవు. జాకీ తీసి ఇంట్లో పెట్టి ఒకసారి వీధి చుట్టి వస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

చప్పుడు ఒక ఆచూకీ మాత్రమే. సామాను కొనే ముందు ప్లే, అంటే వదులు, ఎక్కడుందో చేతికి తగలాలి, లేదా కంటికి కనబడాలి. బండిని గట్టి, సమతలమైన నేల మీద పెట్టాలి. హ్యాండ్ బ్రేక్ వేసి వెనక చక్రాలకు అడ్డం రాళ్లు పెట్టాలి. వీల్ నట్లను చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేసుకోవాలి. జాకీతో లేపిన తర్వాత స్టాండు పెట్టకుండా బండి కిందికి చెయ్యి గానీ తల గానీ పోకూడదు. జాకీ బండిని లేపడానికే, మోసి ఉంచడానికి కాదు. స్టాండ్లు లేనివాళ్లు ఈ పని లిఫ్ట్ ఉన్న షెడ్డులో చేయించుకోవడమే సరి. తనిఖీ వరకే అని ముందే చెబితే తీసుకునే మొత్తం చిన్నదే. ఈ మొత్తం పని మీద పెట్టే ఖర్చులో అదే అన్నిటికన్నా విలువైనది.

గాల్లో ఉన్న చక్రాన్ని గడియారంలో పన్నెండు, ఆరు ఉండే చోట్ల పట్టుకుని ఊపాలి. కదలిక ఉంటే బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగ్ గానీ అయి ఉండాలి. ఏదో తేల్చుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. లోపల ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే కదలిక ఆగిపోయిందా, బేరింగ్. అయినా కదులుతోందా, కీలు. తర్వాత తొమ్మిది, మూడు ఉండే చోట్ల పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ సంగతి తెలుస్తుంది. ఇంకొకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడిస్తుంటే ఆ కీలు మీద వేళ్లు ఆనించి చూడాలి, వదులుంటే వేళ్లకు టకటక కొడుతుంది. లోయర్ ఆర్మ్‌కూ బాడీకీ మధ్య టామీ రాడ్డు దూర్చి మెల్లగా తెరిస్తే బుష్ ఎంత కదులుతోందో కనిపిస్తుంది. రబ్బరు మీద సన్నటి గీతలున్నంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. రబ్బరు ఇనుము నుంచి ఊడిపోయి ఉంటేనే దాని పని అయిపోయినట్టు. షాకబ్జార్బర్ మీద పలుచటి తడి, దానికంటిన దుమ్ము మామూలే. నూనె ధారగా కారి ఉంటే మార్చాల్సిందే.

లింక్ రాడ్లను మాత్రం ఇలా ఒక చక్రం లేపి చూస్తే దొరకవు. ఒక వైపే లేచినప్పుడు స్టెబిలైజర్ బార్ మెలిపడి లింకును బిగించి పట్టుకుంటుంది, ఉన్న ప్లే దాక్కుంటుంది. రెండు చక్రాలూ నేల మీదుండగానో, రెండూ లేపాకనో చేత్తో పట్టుకుని ఊపాలి. ‘చూశాం సార్, లింకులు బాగానే ఉన్నాయి’ అన్న తర్వాత కూడా చప్పుడు పోలేదంటే చాలాసార్లు జరిగింది ఇదే.

తనిఖీ అయ్యాక డబ్బు వరస. పదేళ్ల వ్యాగన్ఆర్ లాంటి కారు ఒకటి అనుకుందాం: ఎడమ బాల్ జాయింట్‌లో ప్లే, రెండు లింక్ రాడ్లు వదులు, షాకబ్జార్బర్లు నీరసించాయి, చేతిలో ఉన్నది అన్నింటికీ చాలదు. చప్పుడు ఎక్కువ చేసేవి లింక్ రాడ్లు. అందుకే చాలామంది ముందు వాటినే మార్చి, బండి నిశ్శబ్దం కాగానే పని అయిపోయిందనుకుంటారు. ఇది తలకిందుల వరస. లింక్ రాడ్డు తెగితే వంపుల్లో బండి కాస్త ఎక్కువగా పక్కకు వాలుతుంది, చప్పుడు పెరుగుతుంది. బాల్ జాయింట్ ఊడితే చక్రం అడుగు బయటికి తన్నుకుపోయి బండి ఆ మూల కూలబడుతుంది. టై రాడ్ ఎండ్ ఊడితే ఆ చక్రం మీద స్టీరింగ్‌కు పెత్తనమే ఉండదు. కాబట్టి మొదటి రూపాయి ఈ రెండు కీళ్లకే వెళ్లాలి, అవి నిశ్శబ్దంగా ఉన్నా సరే. తర్వాత లోయర్ ఆర్మ్ బుష్‌లు, వీటి మీద టైర్ల ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. ఆ తర్వాత షాకబ్జార్బర్లు. లింక్ రాడ్లు చివర వచ్చినా ఫరవాలేదు, పైగా వాటికి అలైన్‌మెంట్‌తో పని లేదు కనుక ఏ నెలలో మార్చుకున్నా అదనపు ఖర్చు పడదు. స్ప్రింగు విరిగితేనో, కుంగి బండి ఒక పక్కకు ఒరిగితేనో తప్ప జోలికి పోనక్కర్లేదు.

ధరలు ఊరినీ బ్రాండునీ బట్టి మారతాయి. అయినా ఒక అంచనా ఉండాలి. చిన్న కార్లకు లింక్ రాడ్డు, టై రాడ్ ఎండ్ వందల్లో వస్తాయి. లోయర్ ఆర్మ్ వెయ్యి నుంచి మూడు వేల దాకా ఉంటుంది. ముందు షాకబ్జార్బర్ల జత మూడు నాలుగు వేల దగ్గర మొదలవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాలన్నింటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటి మీద 28 శాతం ఉండేది. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అనే మాటకు లొంగితే వారంటీ పోయినట్టే. నకిలీ సామాను నడిచేది కూడా ఆ దారిలోనే.

కూలీ దగ్గర మిగిలేది సామాను దగ్గర మిగిలేదాని కంటే ఎక్కువ. షాకబ్జార్బర్ మార్చాలంటే స్ట్రట్ మొత్తం దించి స్ప్రింగు నొక్కి విప్పాలి. అంత పని అయ్యాక లోపలి మౌంటింగ్, బేరింగ్, బంప్ స్టాపర్, దుమ్ము కవరు మార్చడానికి వేరే కూలీ ఏమీ ఉండదు. వాటి ధర తక్కువ. అప్పుడు వదిలేసి ఏడాది తర్వాత బేరింగ్ కోసం మళ్లీ విప్పితే కూలీ రెండోసారి కట్టాలి. లోయర్ ఆర్మ్ విషయమూ అంతే. బాల్ జాయింట్, బుష్‌లు రెండూ అయిపోవచ్చాయనుకుంటే, విడివిడిగా ప్రెస్‌లో ఎక్కించుకోవడం కన్నా కొత్త ఆర్మ్ మొత్తం వేయించడమే లాభం. బాల్ జాయింట్ గట్టిగా ఉండి బుష్ ఒక్కటే పోయిన కారుకు లేత్ షాపులో హైడ్రాలిక్ ప్రెస్ మీద బుష్ మార్పించవచ్చు. అప్పుడు పాత బుష్ ఏ దిక్కుగా కూర్చుందో, దాని రబ్బరులోని ఖాళీలు ఎటు ఉన్నాయో పెయింటుతో గుర్తు పెట్టుకుని కొత్తది అలాగే ఎక్కించాలి. సుత్తితో కొట్టి ఎక్కించే చోట ఆ పని చేయించనే కూడదు.

ఎక్కడ కొనాలి? విజయవాడ ఆటోనగర్ అయినా, హైదరాబాద్ పుత్లిబౌలి అయినా, ఢిల్లీ కశ్మీరీ గేట్ అయినా దుకాణంలో మూడు అంతస్తుల సామాను ఉంటుంది. కార్ల కంపెనీ పేరుతో వచ్చే పెట్టె ఒకటి. కార్ల కంపెనీలకు సామాను చేసిచ్చే తయారీదారులే తమ పేరుతో అమ్మే పెట్టె రెండోది. షాకబ్జార్బర్లలో 1961 నుంచీ ఉన్న గేబ్రియల్ ఇండియా, స్టీరింగ్, సస్పెన్షన్ కీళ్లలో చెన్నైకి చెందిన రానే అలాంటివి. పేరూ ఊరూ లేని ‘లోకల్’ మూడోది. తక్కువ బడ్జెట్‌కు రెండో అంతస్తు సరిపోతుంది, చాలాసార్లు అదే తెలివైన ఎంపిక. మూడోది లింక్ రాడ్డుకైతే సర్దుకోవచ్చేమో గానీ బాల్ జాయింట్‌కూ టై రాడ్ ఎండ్‌కూ ఎన్నడూ కాదు. దుకాణానికి వెళ్లేటప్పుడు కారు పేరొక్కటే చెబితే చాలదు. స్విఫ్ట్ అంటే 2005లో వచ్చినదా, 2011లో మారినదా, 2018దా అన్నది తేలాలి. ఆర్సీ మీద ఉండే చాసిస్ నంబరు, పాత సామాను ఫోటో రెండూ ఫోన్లో ఉంటే రెండోసారి తిరిగే పని తప్పుతుంది.

పాత సామాను బజార్లలో దొరికే వాటిలో నకుల్, క్రాస్ మెంబర్ లాంటి ఇనుప దిమ్మెలు వంకర లేకపోతే కొనుక్కోవచ్చు. కీళ్లు, బుష్‌లు, షాకబ్జార్బర్లు పాతవి కొనడం అంటే ఇంకొకరి అరుగుదలను డబ్బిచ్చి తెచ్చుకోవడం. వంగిన లోయర్ ఆర్మ్‌ను మంట పెట్టి సరిచేయడం, వెల్డింగ్ వేయడం ప్రాణాల మీదికి తెచ్చే పొదుపు. కాయిల్ మధ్య ఇరికించే రబ్బరు బఫర్ల ప్రచారం కూడా ఎక్కువే. అవి బండిని కాస్త లేపుతాయి, స్ప్రింగును గట్టి చేస్తాయి. నీరసించిన షాకబ్జార్బర్‌కు అవి మందు కావు, పైగా గట్టిపడిన స్ప్రింగును అదుపు చేయడం దానికి ఇంకా కష్టం.

బిగించే తీరు దగ్గర చాలామంది మెకానిక్‌లు వదిలేసే సంగతి ఒకటుంది. అది యజమానికి తెలిసి ఉంటే ఖర్చు లేకుండా బుష్ ఆయుష్షు పెరుగుతుంది. లోయర్ ఆర్మ్ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అంటుకుని ఉంటుంది. ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడు రబ్బరు మెలితిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. బండి గాల్లో, చక్రం వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ వేలాడే భంగిమలోనే నిలిచిపోతుంది. బండి దించగానే, నిలబడి ఉన్నా సరే, అది ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. అప్పుడు ‘సామాను నకిలీది’ అని దుకాణందారును తిట్టుకుంటారు. ముందు బోల్టులు వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాక, లేదా ఆర్మ్ కింద జాకీ పెట్టి మామూలు ఎత్తుకు లేపాక చివరి బిగింపు వేయాలి. మాన్యువల్‌లో చెప్పిన బిగింపు లెక్కకు టార్క్ పానా వాడాలి. కొత్త షాకబ్జార్బర్‌ను బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగితే లోపలి గాలి బుడగలు పోతాయి. మెరిసే దాని రాడ్డును కటింగ్ ప్లేయర్‌తో పట్టుకోనివ్వకూడదు. అక్కడ పడ్డ గీత నూనె సీలును కోసేస్తుంది, ఆరు నెలల్లో కారడం మొదలవుతుంది. షాకబ్జార్బర్లు ఎప్పుడూ జతగానే మార్చాలి. కొత్త నైలాన్ లాక్ నట్లు, స్ప్లిట్ పిన్‌లు అడిగి వేయించుకోవాలి. పాత సామాను మొత్తం సంచిలో వేసి ఇమ్మని ముందే చెప్పాలి.

ఇంట్లోనే పానాలు పట్టే సరదా ఉన్నవాళ్లకు లింక్ రాడ్లు మంచి మొదటి పని. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే నట్లు మాట వింటాయి. స్టడ్ తిరగకుండా మధ్యలో అలెన్ కీ పెట్టి పట్టుకోవాలి. టై రాడ్ ఎండ్ కూడా చేసుకోవచ్చు, కాకపోతే పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కొత్తది అన్నే చుట్లు ఎక్కించాలి. అలా చేస్తే అలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా పోతుంది. స్ట్రట్ విప్పడం మాత్రం ఇంటి పని కాదు. నొక్కి ఉన్న కాయిల్ స్ప్రింగులో మనిషిని చంపగల బలం ఉంటుంది. స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి పట్టకుండా పైనున్న మధ్య నట్టు విప్పితే అది తుపాకి గుండులా లేస్తుంది.

అమెరికాలో చదువుకునే మన పిల్లలకు ఈ లెక్క కొంచెం మారుతుంది. అక్కడ పాత కరోలా, క్యామ్రీ కొనుక్కుని నడిపేవాళ్లకు సామాను కన్నా కూలీ భారం. ఆటోజోన్, ఓరైలీ లాంటి దుకాణాలు డిపాజిట్ కట్టించుకుని బాల్ జాయింట్ ప్రెస్, స్ప్రింగ్ కంప్రెసర్ వంటి పనిముట్లు వాడుకోవడానికి ఇస్తాయి, తిరిగి ఇచ్చేస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది. స్ప్రింగు, మౌంటింగ్, షాకబ్జార్బర్ అన్నీ బిగించి సిద్ధంగా వచ్చే స్ట్రట్‌లు అక్కడ సులువుగా దొరుకుతాయి. మన్రో వాళ్ల క్విక్ స్ట్రట్ అలాంటిదే. ధర ఎక్కువైనా స్ప్రింగు నొక్కే ప్రమాదం తప్పుతుంది, కూలీ మిగులుతుంది.

పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పదు. ఆర్మ్, టై రాడ్ ఎండ్, స్ట్రట్ వీటిలో ఏది కదిలినా చక్రాల కోణాలు మారతాయి. ప్లే ఉన్న కారుకు ముందే అలైన్‌మెంట్ చేయించడం మాత్రం డబ్బు దండగ, వదులు కీలు మీద సరిచేసిన కోణం షాపు గేటు దాటేలోపే మారిపోతుంది. అందుకే ఆర్మ్‌లు, టై రాడ్ ఎండ్‌లు, స్ట్రట్‌లు వీలైనంత వరకు ఒకే విడతలో పెట్టుకుంటే అలైన్‌మెంట్ ఒక్కసారితో పోతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్ల బిగింపు మళ్లీ చూసుకోవాలి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకునేవారికి ఒక మాట. అరుగుదలను మోటారు పాలసీ భరించదు. గుంతలో పడి ఆర్మ్ వంగితే ప్రమాదం కింద అడగవచ్చు. అప్పుడు కూడా రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు. 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్ మళ్లీ సున్నాకు వస్తుంది. రెండు మూడు వేల పనికి క్లెయిమ్ పెట్టడం నష్టం. దానికన్నా గుంత కనబడినప్పుడు ముందే బ్రేకు వేసి, చక్రం దిగే క్షణానికి వదిలేయడం నేర్చుకుంటే చాలు. బ్రేకు తొక్కి ఉండగా ముందు స్ప్రింగులు అప్పటికే నొక్కుకుని ఉంటాయి, దెబ్బ నేరుగా మౌంటింగ్‌కూ ఆర్మ్‌కూ తగులుతుంది.

చప్పుళ్లలో చాలావాటిని జీతాలొచ్చే దాకా భరించవచ్చు. బాల్ జాయింట్‌లోనో టై రాడ్ ఎండ్‌లోనో ప్లే చేతికి తగిలిన కారును మాత్రం ఆ సాయంత్రం హైవే ఎక్కించకండి. షెడ్డు దాకా కూడా నడుపుకుంటూ పోకండి, మెకానిక్‌ను ఇంటికి పిలవండి, లేదా టోయింగ్ వ్యాన్‌కు ఫోన్ చేయండి.